గహ్వా వచ్చే దారి

2021 అక్టోబరు. అల్ ఖొబర్‌లో అజీజియా వైపు మా ఆఫీసు. కింద టైర్ల దుకాణం, పైన మేము. నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇంజనీర్లు అనుకున్నదాన్ని కట్టేవాళ్లకు అర్థమయ్యేలా గీతల్లో పెట్టడం నా పని. పేరు ఇంతియాజ్, ఊరు ప్రొద్దుటూరు. సౌదీకి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో గోదాములు గీశాను, లేబర్ క్యాంపులు గీశాను, జుబైల్ ఫ్యాక్టరీలకు మరుగుదొడ్లు కూడా గీశాను. నా డ్రాయింగులో తప్పు దొరకదని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరు దించిన ఇంటి సంగతి ఇది. ఆ ఇంటి ప్లానులో నేను కొన్ని గీతలు తుడిచేశాను. దానికి శిక్ష నాకు కాక లచ్చన్న అనే మేస్త్రీకి పడబోయింది.

ఇంటి యజమానిని అందరూ అబూ యూసుఫ్ అనేవారు, అంటే యూసుఫ్ వాళ్ల నాన్న. ఇక్కడ పెద్దవాళ్లను పెద్దకొడుకు పేరుతో పిలవడమే మర్యాద. అరవై దాటిన మనిషి, ఫ్యాక్టరీలకు విడిభాగాలు అమ్మే వ్యాపారం. వయసులో ఉండగా ఇంగ్లండులో చదువుకున్నాడు. అక్కడ ఒక సెలవు రోజున టికెట్టు కొనుక్కుని, పొలాల మధ్య ఉన్న ఒక జమీందారీ భవనం చూశాడట. ఆ రోజు నుంచి అది ఆయన కళ్లలోంచి పోలేదు. నలభై ఏళ్ల తర్వాత, దమ్మామ్ దాటాక తనకున్న ఖర్జూర తోటలో అలాంటిదే కట్టుకుంటానని మా దగ్గరికి వచ్చాడు. ఆ భవనాన్ని చూసుకునేవాళ్ల అనుమతితో కొలతల డ్రాయింగులు, దాని చరిత్ర రాసిన లావుపాటి రిపోర్టు తెచ్చాడు. భవనం పేరు బయట చెప్పొద్దన్నాడు కాబట్టి ఇక్కడా చెప్పను.

"నేను తాడు ఇవతల నిలబడి చూశాను," అన్నాడు మొదటి రోజే, ఇంగ్లీషులో. "ప్రతి గదిలోనూ తాడు కట్టి ఉండేది. కాస్త ముందుకు వంగితే కాపలా మనిషి దగ్గేవాడు. నా ఇంట్లో తాడు ఉండకూడదు."

డ్రాయింగులు తెరిచిన రోజు నాకు ఇంకా గుర్తు. గోదాములు గీసి గీసి మొద్దుబారిన కళ్లు నావి. ముందు వైపు పై వరసలో తొమ్మిది కిటికీలు, కింద ఎనిమిది కిటికీల మధ్య తలుపు. పై కిటికీలు కింది వాటికన్నా పొట్టి. నేల మీద నిలబడి చూసేవాడికి ఇల్లు ఇంకా ఎత్తుగా కనిపించాలని అలా చేశారట. లోపలికి అడుగు పెడితే రెండంతస్తుల ఎత్తు హాలు. దాని చివర గోడలోంచి మొలిచినట్టు రాతి మెట్లు, కింద ఒక్క స్తంభం కూడా లేదు. ఒక్కో మెట్టూ కింది మెట్టు మీద కొంచెం, గోడలో కొంచెం ఆనుకుని నిలబడుతుంది. కంప్యూటర్ లేదు, కాంక్రీటు లేదు, ఇనుప చువ్వ లేదు. మూడు వందల ఏళ్లుగా దాని మీద మనుషులు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఆ మెట్ల సెక్షన్, అంటే నిలువుగా కోసి చూపించే బొమ్మ, చూసి "ఎవడు సామీ నువ్వు?" అని పైకే అనేశాను. పక్క టేబుల్ మలయాళీ అతను తల తిప్పి చూశాడు.

ఆ ఇంటిని మా ఎండకు తగినట్టు మార్చడం నా వంతు. వాళ్లు ఎండ కోసం కిటికీలు పెట్టుకున్నారు, మేము ఎండను తప్పించుకోవాలి. అందుకని ఇంటి ముఖాన్ని ఉత్తరానికి తిప్పాం. వాళ్ల చిన్న ప్రార్థన గది ఇక్కడ నమాజు గది అయింది, దాని దిక్కు మారింది. విందు గది మజ్లిస్ అయింది, అంటే మగ అతిథులు కూర్చునే గది. వాళ్ల రాయికి బదులు ఇక్కడ దొరికే రియాద్ స్టోన్. అంతవరకు అన్నీ సాఫీగా సాగాయి. చిక్కల్లా ఏసీ దగ్గర వచ్చింది. సౌదీలో అంత ఇల్లు చల్లబడాలంటే మనిషి దూరేంత డక్టులు, అంటే చల్లగాలి తిరిగే రేకు గొట్టాలు, ఇంటి నిండా పరచాలి. వాటికి చోటేది?

చోటు నాకు కనబడింది. హాలుకీ మజ్లిస్‌కీ మధ్య రెండు గోడలు పక్కపక్కనే వెళ్తున్నాయి, మధ్యలో మూడున్నర అడుగుల ఖాళీ. ఆ ఖాళీకి తలుపు లేదు, కిటికీ లేదు. వెనక వంటింటి వైపు నుంచి మొదలై మజ్లిస్ మూల దాకా వచ్చి ఆగిపోతుంది. మధ్యలో ఏవో సన్నటి చుక్కల గీతలు. పాత ఇంటిని కొలిచినవాళ్లు పగుళ్లు గుర్తుపెట్టుకున్నారేమో అనుకున్నాను. మా పనిలో క్లీనప్ అని ఒకటుంటుంది, వేరేవాళ్ల డ్రాయింగులోని చెత్త గీతల్ని ఏరి పారేయడం. చుక్కల గీతలు చెరిపేశాను. రెండో గోడ తీసేశాను. ఆ చోటంతా డక్టులకు ఇచ్చేశాను. ఏసీ ఇంజనీరు నా భుజం తట్టి "షాబాష్" అన్నాడు. మా మేనేజర్ కైరో మనిషి, తొందర మనిషి. చూసి సంతకం పెట్టాడు. రిపోర్టు తెరవాలని ఎవరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు. నూటయాభై పేజీల ఇంగ్లీషు, పైగా అందులో గీతలు తక్కువ.

జనవరిలో సైటు మొదలైంది. మేస్త్రీ లచ్చన్నది జగిత్యాల జిల్లా. యాభై దాటాయి, గల్ఫులో పాతికేళ్ల సర్వీసు. ఆయనకు ఒక అలవాటుంది. పునాది తవ్వకముందే చదును చేసిన నేల మీద జిప్సం పొడితో ఇల్లంతా అసలు కొలతకు ముగ్గు పోస్తాడు. అంతవరకు అందరు మేస్త్రీలూ చేసేదే. లచ్చన్న ఆ తర్వాత ఆ ముగ్గులో కాపురం చేస్తాడు. తలుపున్న చోటు నుంచే లోపలికొస్తాడు, గోడ గీతను తొక్కడు. పడక గదిలో నిలబడి కిటికీ ఎటుందో చూస్తాడు. స్నానాల గదికి వెళ్లొస్తాడు. మిగతా కూలీలు నవ్వుకునేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఆ రోజు నేను డ్రాయింగులిచ్చి పోదామని వెళ్లాను. లచ్చన్న ఒక పెద్ద టైలును రెండు చేతులా ట్రేలాగా పట్టుకుని వంటింటి గీతల మధ్య నిలబడి ఉన్నాడు.

"భాయ్, జెర ఇటు రా. నేను వంటింట్ల ఉన్న. మజ్లిస్‌ల సుట్టాలు కూసున్నరు. గీ చాయ ఏడికెళ్లి పోతది?"

"హాల్లోకెళ్లి పో అన్నా."

ఆయన టైలుతో నడిచాడు. వంటింటి రెక్క దాటి, హాలంతా అడ్డంగా దాటి, పెద్ద తలుపు ముందునుంచి తిరిగి మజ్లిస్ గుమ్మం దగ్గర ఆగాడు.

"సుట్టాలు దర్వాజలకెళ్లి అత్తనే ఉంటరు. వాళ్ల నడుమకెళ్లి ఆడోళ్లు ఎట్ల పోతరు? ఇంకోటి, నా చేతులు రెండు పట్టెకున్నయ్. దర్వాజ ఎవలు తీత్తరు? ఇంగ్లీషోళ్ల కాయితంల గీడ రెండు గోడలున్నయ్ భాయ్. నీ కాయితంల ఒక్కటే ఉన్నది. ఓసారి సూడరాదు."

ఆయన దగ్గర పాత డ్రాయింగు నకలు ఒకటి ఉంది. రాళ్లు కోసేవాళ్ల కోసం ఇచ్చింది. దాన్ని అంత శ్రద్ధగా చూసినవాడు మా మొత్తం బృందంలో ఆయనొక్కడే. నాకు ఎండగా ఉంది, ఆకలిగా ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక మేస్త్రీ నా డ్రాయింగులో తప్పు చూపిస్తున్నాడు.

"అన్నా, అది డక్టుల చోటు. ఇంజనీర్లు చూసి సంతకం పెట్టినారు. మనం కట్టేదే గాని అడిగేది ల్యా. నేను చెప్తాండా గదా, కట్టు."

"నువ్వు చెప్తే కడ్త," అన్నాడు లచ్చన్న. టైలు కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఆ మాట మీదే ఇల్లు లేచింది.

మే నెలకు గోడలు పైకప్పు దాకా వచ్చాయి. ఒక శనివారం పొద్దున అబూ యూసుఫ్ తన భార్యను తీసుకొచ్చాడు. ఆమె పేరు మాకు తెలీదు, ఉమ్మ్ యూసుఫ్ అనే పిలిచేవాళ్లం. నల్లటి అబాయా, చేతిలో చిన్న కర్ర, మోకాళ్ల నొప్పులు. ఖొబర్‌లో వాళ్ల ఇంటి మజ్లిస్ పేరున్నది. ప్రతి గురువారం సాయంత్రం జనం వస్తారు, గహ్వా తన చేత్తోనే కాస్తుందట. గహ్వా అంటే యాలకులు, కుంకుమపువ్వు వేసి కాచే ఇక్కడి కాఫీ. ఇంటికొచ్చినవాడికి ముందుగా అందేది అదే. అబూ యూసుఫ్ ఆమెకు హాలు చూపించాడు, మెట్లు రాబోయే చోటు చూపించాడు, కిటికీల వరస చూపించాడు. మొహం వెలిగిపోతోంది ఆయనకు. వంద మందికి చూపించినా ఇంత సంతోషించి ఉండడు. ఆమె అన్నీ శ్రద్ధగా విన్నది. చివరికి వంటింటి ద్వారంలో కర్ర ఆనించి నిలబడి అరబ్బీలో ఒకటే అడిగింది.

"గహ్వా ఎటునుంచి వస్తుంది?"

ఆయన హాలు వైపు చెయ్యి చూపించాడు. ఆమె హాలును చూసింది, పెద్ద తలుపును చూసింది, మజ్లిస్‌ను చూసింది.

"నీ అతిథుల మధ్యనుంచి నేను ట్రే పట్టుకుని వెళ్లాలా? లేక నా ఇంట్లో నా గహ్వా పరాయివాళ్ల చేతికిచ్చి నేను లోపల కూర్చోవాలా? అబూ యూసుఫ్, ఇది చాలా అందమైన మ్యూజియం. టికెట్టు కొనుక్కుని వచ్చి చూసి వెళ్తాను."

ఆమె కారు ఎక్కింది. లచ్చన్న నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

అబూ యూసుఫ్ ఆ రోజే ఇంగ్లండుకు ఈమెయిల్ రాశాడు, ఆ ఇంట్లో భోజనం వంటింటి నుంచి విందు గదికి ఎలా వచ్చేదని. నాలుగు రోజుల తర్వాత జవాబు కాగితం చేత్తో పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. మీ దగ్గరున్న రిపోర్టులోనే ఉంది, విందు గది గోడ వెనక పనివాళ్ల నడవా ఒకటుంది, చూడండి అని వాళ్లు రాశారు.

"ఈ నడవా నా ఇంట్లో ఎక్కడ?" అని అడిగాడు.

మేనేజర్ డ్రాయింగు తెరిచాడు, పాతది తెరిచాడు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. "సైటులో పొరపాటు జరిగింది," అన్నాడు. "మేస్త్రీ ఆ నడవా మూసేశాడు. చదువులేని మనిషి. అతణ్ణి ఎగ్జిట్ మీద పంపించేస్తాను, మళ్లీ కట్టిస్తాను."

ఫైనల్ ఎగ్జిట్ అంటే ఉన్నపళంగా ఇంటికి పంపించేయడం. యాభై మూడేళ్ల మేస్త్రీకి ఇంకో వీసా ఎవరిస్తారు? అబూ యూసుఫ్ వెళ్లాక మేనేజర్ నన్ను లోపలికి పిలిచాడు. "డ్రాయింగు మీద నా సంతకం ఉంది, నీ పేరుంది. గోడ మీద మేస్త్రీ పేరు మాత్రమే ఉంది. అర్థమైందా?" అన్నాడు. అర్థమైంది. ఆ నెలలోనే నా భార్యకూ కూతురికీ ఫ్యామిలీ వీసా వచ్చింది. నా ఉద్యోగం ఊడితే ఆ వీసా కూడా ఊడినట్టే. నేను నోరు మూసుకుని బయటికి వచ్చాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా జరిగింది అదే.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక గదిలో కూర్చుని ఆ రిపోర్టు మొదటి పేజీ నుంచి చదివాను. చదువుతున్నకొద్దీ ఆ ఇల్లు నేను చూసిన ఇల్లు కాకుండా పోయింది. మొదట అక్కడ ఉన్నది ఒకే పెద్ద గది. దొర, దొరసాని, పాలేర్లు, కుక్కలు అందరూ ఒకే మంట చుట్టూ తినేవాళ్లు, పడుకునేవాళ్లు. తర్వాతి తరానికి వేరే గదులు కావాల్సి వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన మనవడు పాత గోడలను పడగొట్టకుండా వాటి ముందు కొత్త రాతి ముఖం తొడిగించాడు. ఆ ముఖంలో వరస చెడకూడదని ఒక కిటికీని ఉత్తుత్తిగా పెట్టారు. అద్దాలుంటాయి, వెనక పొగగొట్టం గోడ ఉంటుంది. ఆ కిటికీని మేమూ కట్టాం. "దీనికి కండ్లున్నయ్ గని సూపు లేదు" అని లచ్చన్న నవ్వేవాడు.

ఆ మనవడి కాలంలోనే నడవా పుట్టింది. బొగ్గు, వేడినీళ్లు, అన్నం పళ్లేలు, మాసిన బట్టలు అన్నీ దాని గుండానే. హాల్లో కూర్చున్నవాళ్లకు పనివాళ్లు కనబడకూడదని కట్టారు, అది వాళ్ల అహంకారం. కానీ కట్టిన తీరు చూస్తే మాత్రం చేతులెత్తి మొక్కాలనిపించింది. నేను చెరిపేసిన చుక్కల గీతలు పగుళ్లు కావు. అది జిబ్ డోర్ అనే గుప్త తలుపు. చెక్క పలకల్లో పలకలా కలిసిపోతుంది, చట్రం కనబడదు, గది వైపు పిడి ఉండదు. తలుపు పక్కనే నడవా లోపల నడుమెత్తున ఒక రాతి అరుగు. రెండు చేతులా ట్రే మోసుకొచ్చినవాళ్లు దాన్ని ఆ అరుగు మీద దించి, చెయ్యి ఖాళీ చేసుకుని తలుపు తీస్తారు. వాళ్ల మోచేతులు తగిలి తగిలి గోడ సున్నం ఒక చారలా నున్నబడిందని కూడా రాశారు.

లచ్చన్న టైలు పట్టుకుని అడిగింది సరిగ్గా అదే. నా చేతులు రెండు పట్టెకున్నయ్, దర్వాజ ఎవలు తీత్తరు? జగిత్యాల మేస్త్రీ అడిగిన ప్రశ్నకు మూడు వందల ఏళ్ల కింద ఎవరో ఇంగ్లీషు మేస్త్రీ అరుగు కట్టి జవాబు చెప్పాడు. మధ్యలో నేనొచ్చి తుడిచేశాను.

ఇంకో మాట. ప్రొద్దుటూరులో మా నానమ్మ ఇంట్లో ముందు గదికీ లోపలి గదికీ మధ్య పరదా ఉండేది. బయటివాళ్లొస్తే పరదా వెనక గాజుల చప్పుడు అయ్యేది. లేచి వెళ్లి ట్రే అందుకోవడం చిన్నప్పుడు నా పనే. పరదా వెనక మనుషుల సంగతి తెలియనివాడు ఎవడైనా ఈ తప్పు చేస్తే క్షమించొచ్చు. నేను చేశాను.

సాయంత్రం క్యాంపుకు వెళ్లాను. లచ్చన్న మంచం మీద కూర్చుని బట్టలు మడత పెట్టుకుంటున్నాడు. కబురు అప్పటికే చేరింది.

"అన్నా, నువ్వెందుకు చెప్పలేదు? ఇంతియాజ్ కట్టమన్నాడని చెప్పింటే సరిపోయేది గదా."

"నువ్వు చెప్పినవ్, నేను కట్టిన. గిప్పుడు నీ పేరు చెప్తే ఏమొత్తది భాయ్? నీ బిడ్డ అత్తాంది గదా. నాకేంది, ఎప్పటికైన పోయెటోన్నే." చొక్కా మడత సరిచేశాడు. "గని ముగ్గుల నడ్సినప్పుడే తెల్సింది నాకు. గట్టిగ అడుగకపోతిని. గది నా తప్పే."

ఆయన నా మీద కోప్పడి ఉంటే నేను ఇంకో వారం నోరు మూసుకుని ఉండేవాణ్ణేమో. తప్పులో తన వాటా వెతుక్కుంటుంటే ఇక నాకు నిలబడడానికి చోటు లేకపోయింది.

మర్నాడు సైటులో అబూ యూసుఫ్, మేనేజర్ ఇద్దరూ ఉన్నారు. నేను రెండు డ్రాయింగులు తీసుకుని వాళ్ల ముందు ఇసుక మీద పరిచి రాళ్లు పెట్టాను.

"సార్, ఈ నడవా మేస్త్రీ మూయలేదు. నేను తుడిచేశాను. నాకు అర్థం కాలేదు, అర్థం కాలేదని ఒప్పుకోలేదు. మేస్త్రీ కట్టకముందే అడిగాడు. నేనే కట్టమన్నాను."

మేనేజర్ మొహం నల్లబడింది. అబూ యూసుఫ్ డ్రాయింగుల మీదికి వంగాడు. ఆయన కోపం మాటల్లో రాలేదు, వేలితో ఆ చెరిపేసిన చోటు మీద కొట్టడంలో వచ్చింది. "నా భార్యతో వారం రోజులుగా మాటల్లేవు," అన్నాడు. తర్వాత, "మేస్త్రీ ఏమని అడిగాడు?"

చెప్పాను. టైలు సంగతి కూడా చెప్పాను. ఆయన లచ్చన్నను పిలిపించి, మళ్లీ అలాగే నడిచి చూపించమన్నాడు. లచ్చన్న ఒక టైలు తీసుకుని వంటింట్లో నుంచి బయల్దేరాడు. ఇప్పుడు ముగ్గు లేదు, నిజం గోడలున్నాయి. హాలు దాటి, పెద్ద తలుపు ముందునుంచి తిరిగి, మజ్లిస్ దగ్గర ఆగి, చేతుల్లోని టైలును చూపించి, హిందీలో "దర్వాజా కౌన్ ఖోలేగా, సేఠ్?" అన్నాడు.

అబూ యూసుఫ్ మొదటిసారి నవ్వాడు. "నేను తాడు ఇవతలే నిలబడ్డాను," అన్నాడు నాతో. "నువ్వు కూడా. ఈ మనిషి ఇంగ్లండు పోకుండానే తాడు దాటాడు." మేనేజర్ వైపు తిరిగి, "ఇతను ఎక్కడికీ వెళ్లడు. ఈ ఇల్లు అయిందాకా ఇతను చెప్పినట్టే కట్టాలి," అన్నాడు.

నా శిక్ష మేనేజర్ నిర్ణయించాడు. ఆఫీసులో కుర్చీ బందు. నడవా పూర్తయ్యేదాకా సైటులో లచ్చన్న కింద పని. జూన్, జులై, ఆగస్టు. ఆ ఎండ గురించి ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. టేపు పట్టుకున్నాను, లెవెల్ చూశాను, ఆయన నీళ్లు తాగమన్నప్పుడు తాగాను. నా భార్య, కూతురు వచ్చిన వారం నా మొహం చూసి నా కూతురు గుర్తుపట్టడానికి ఒక నిమిషం తీసుకుంది.

నేను తీసేసిన రెండో గోడ కట్టి నడవా ఇవ్వడం తేలికే. డక్టులు ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద తలనొప్పి. దానికి దారి ఆ పాత ఇల్లే చూపించింది. ఒక రోజు లచ్చన్న, నేను పైకప్పు మీద నీడ చూసుకుని కూర్చున్నాం. చుట్టూ పన్నెండు పొగగొట్టాలు. అబూ యూసుఫ్ చలికాలంలో ఒక్క గదిలోనే మంట వేసుకుంటానన్నాడు, మిగతావన్నీ అందానికే.

"అన్నా, పొగ పోయే దారిలో చల్లగాలి రాకూడదా?" అన్నాను.

లచ్చన్న గొట్టం లోపలికి వంగి చూసి, "పడ్తది," అన్నాడు. "గిప్పుడు నువ్వు గూడ ఇంట్ల తిరుగుతున్నవ్."

ఆ మాట నాకు ఆ తొమ్మిదేళ్లలో వచ్చిన అన్ని షాబాష్‌ల కన్నా ఎక్కువ. మేనేజర్ కూడా ఒప్పుకున్నాడు. ఇంగ్లండులో పొగ పైకి పోయిన దారిలోనే ఇక్కడ చల్లగాలి కిందికి దిగింది. ఇంటి ముఖం మీద ఒక్క గీటు పడలేదు.

నడవా అయ్యాక ఉమ్మ్ యూసుఫ్ మళ్లీ వచ్చింది. వంటింటి వైపు నుంచి ఒక్కతే కర్రతో నడుచుకుంటూ వెళ్లింది. గుప్త తలుపు దగ్గర రాతి అరుగు మీద చెయ్యి ఆనించి నిలబడింది. దాన్ని రెండుసార్లు తడిమింది. ట్రే ఇక్కడిదాకా తనే తెచ్చి, తలుపు తీసి గదిలో ఉన్న కొడుకు చేతికిస్తే చాలు, అతిథుల ఎదట పడక్కర్లేదు.

"ఇది మగవాడికి తోచే పని కాదు," అన్నది. "ఎవరో పనిమనిషి చేతులు నొప్పి పుట్టి చెప్పి ఉంటుంది. ఆమెకు అల్లా మేలు చేయాలి."

ఎప్పుడో చచ్చిపోయిన, పేరు కూడా తెలియని ఒక ఇంగ్లీషు పనిమనిషి కోసం దమ్మామ్ పక్కన ఖర్జూర తోటలో ఒకావిడ దువా చేసింది. లచ్చన్నకు అరబ్బీ అంతంతమాత్రం, కానీ ఆయనకూ అర్థమైనట్టే ఉంది.

ఇల్లు పూర్తయి మొదటి గురువారం మజ్లిస్ జరిగింది. అబూ యూసుఫ్ మమ్మల్నీ పిలిచాడు. పెద్ద తలుపులోంచి రమ్మని కబురు పంపాడు. నేను వెళ్లి పెద్దవాళ్ల మధ్య ఒక మూల ముడుచుకుని కూర్చున్నాను. లచ్చన్న కనబడలేదు. అతిథులు కిటికీల గురించి, మెట్ల గురించి అడుగుతున్నారు, అబూ యూసుఫ్ చెప్తున్నాడు. ఇంతలో గోడలోంచి సన్నగా రాతి మీద లోహం తగిలిన చప్పుడు అయింది. ట్రే అరుగు మీద దిగింది. నాకు పరదా వెనక గాజులు గుర్తొచ్చాయి. చెక్క పలక ఒకటి చప్పుడు లేకుండా తెరుచుకుంది. అందరూ అటు తిరిగారు.

లోపలినుంచి లచ్చన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకున్నాడు, చేతుల్లో ట్రే, దాని మీద పసుపుపచ్చటి ఇత్తడి దల్లా, అంటే గహ్వా పోసే ముక్కు కూజా, పక్కన పేర్చిన చిన్న కప్పులు. ముందు తలుపులోంచి రానన్నాడట, ఈ దారిలో ఒక్కసారి నిజం ట్రేతో నడవాలని ఉందన్నాడట. ఉమ్మ్ యూసుఫే గహ్వా కాచి ఆయన చేతికిచ్చింది. యూసుఫ్ ట్రే అందుకోబోయాడు, తండ్రి వద్దని సైగ చేశాడు.

లచ్చన్న పెద్దవాళ్లందరికీ వరసగా ఇచ్చుకుంటూ వచ్చాడు. నేను గీతలు తుడవడం మానలేదు, అది నా ఉద్యోగం. కానీ ఇప్పుడు ఏ గీత తుడవాలన్నా, దాని వెంట ఒక మనిషిని రెండు చేతులా బరువుతో నడిపించి చూస్తాను. ఆ మనిషి ఎక్కడైనా ఆగిపోతే ఆ గీతను ఉంచేస్తాను. ఆ మనిషికి నా లోపల ఎప్పుడూ ఒకటే మొహం.

చివరన నా దగ్గరికి వచ్చాడు. దల్లా వంచి కప్పులో నాలుగు గుటకలు పోసి, కుడి చేత్తో నాకందించాడు.

"తాగు భాయ్," అన్నాడు మెల్లగా. "ఏడికెళ్లి అచ్చిందో తెల్సిందా ఇప్పుడు?"